పరుగుకు ముందు రాసిన కార్డులు

ఎల్.బి.నగర్
5 నవంబర్ 2024, మంగళవారం
పొద్దున పొగమంచు, పదింటికి ఎండ. వంటింటి కిటికీకి జాలీ మార్చాను.

మేనల్లుడు శైలేందర్‌కు,

మొన్న ఆదివారం దిల్‌సుఖ్‌నగర్‌లో, మీ ఇంట్లో నువ్వు అడిగిన దానికి నేను జవాబు చెప్పలేదు. నువ్వు కంచం ముందు నుంచి లేచిపోయావు. అక్క ముందు మాట పెంచడం ఇష్టం లేక నేనూ వచ్చేశాను. నోటితో చెప్పడం నాకు చేతకాదు. అందుకే రాస్తున్నాను.

నువ్వు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది. నాదర్‌గుల్‌లో మీ అమ్మా నేనూ కలిసి కొన్న ప్లాటు అమ్మాలి. అక్క సరేనని అమ్మకం కాగితం మీద సంతకం పెట్టింది, నా సంతకం కావాలి. అక్క వాటాకు వచ్చే సొమ్ము నువ్వు తీసుకుంటావు. సెల్‌ఫోన్ రిపేరు దుకాణం మూసేసి, మలక్‌పేట రేసుల మీద బతుకుతావు. ఏడాదిగా నీకు లాభమేనని నోటు పుస్తకం చూపించి, దాన్నీ అమ్మకం కాగితాన్నీ నా సంచిలో పడేశావు.

నీకు చేతిలో పని ఉంది. అక్కకు ఆ సగం ప్లాటు తప్ప ఇంకేమీ లేదు. ఈ ఒక్క సంగతి మధ్యలో పెట్టుకుని మాట్లాడదాం.

నేను అవుననను, కాదనను. చలికాలం రేసులు ఫిబ్రవరి దాకా ఉంటాయి. అప్పటిదాకా ఒక పని చెయ్యి. ఆదివారం ఏ రేసులో ఏ గుర్రాలు పరుగెత్తుతాయో శుక్రవారానికే తెలుస్తుంది. ఏ గుర్రం మీద ఎంత పెడతావు, ఎందుకు పెడతావు అని ఒక పోస్టుకార్డు మీద రాసి శనివారం పొద్దున పోస్టాఫీసు కౌంటర్లో ఇవ్వు. ముద్ర పడుతుంది. ఇక ఆ కార్డును నువ్వూ మార్చలేవు, నేనూ మార్చలేను.

చాదస్తం అనుకోకు. పండ్ల మార్కెట్లో కమీషన్ వ్యాపారి దగ్గర చిట్టా రాసినన్నాళ్లూ, కాయ మొదటి రకమా రెండో రకమా అన్నది వేలం పాట మొదలుకాక ముందే రాసేవాణ్ణి. ధర పలికాక రాస్తే, మంచి ధర పలికిన ప్రతి కాయా మొదటి రకంలాగే కనిపిస్తుంది.

మీ అత్త స్వరూప నిన్నూ, నీ భార్య జ్యోతికనూ అడిగినట్టు రాయమంది.

మీ మామ
సీతారాములు


దిల్‌సుఖ్‌నగర్
9 నవంబర్, శనివారం

మామకు నమస్తే.

మీ ఇంటికి మెట్రోలో పది నిమిషాలు. నీ ఉత్తరం మూడు రోజులు నడిచి వచ్చింది. జ్యోతిక చూసి, "మీ మామ ఏ కాలంల ఉన్నడు?" అని నవ్వింది. అమ్మేమో, "వాడు చిన్నప్పటి సంది గంతే. అన్నం కావాల్నన్నా పలక మీద రాసెటోడు" అంది.

సరే, నీ షరతు ఒప్పుకున్నాను. ఈ రోజు మొదటి కార్డు ఇచ్చాను. కౌంటర్లో ఉన్నాయన ముద్ర వేసే ముందు మొత్తం చదివాడు. "గీ మూడో రేసుది పక్కానా అన్నా? నేను గూడ జర పెడత" అన్నాడు. చూశావా, పోస్టాఫీసుకు కూడా నా మీద నమ్మకం ఉంది. నీకే లేదు.

ఒక మాట అడగనా? నువ్వు ప్రతి ఆదివారం మలక్‌పేట పోతావు. ఇరవై ఏళ్ల పైనుంచి పుస్తకాలు రాస్తావు. మీ ఇల్లు గుర్రాల మీదే కట్టావని సైదులు బాబాయి ప్రతి పెళ్లిలో చెబుతాడు. ఏదో లెక్క పట్టావు, మాకు చెప్పవు. నేను నీ అక్క కొడుకును కదా మామా. ప్లాటు కంటే ముందు ఆ లెక్క చెప్పినా చాలు.

దుకాణంలో రోజంతా తల వంచుకుని పగిలిన అద్దాలు మారుస్తుంటే మెడ పట్టేస్తుంది. ఎవరి ఫోనో, ఎవరి అద్దమో. రేసులో నేను ఒక్కసారి తల ఎత్తి చూస్తాను. నా గుర్రం, నా తెలివి. ఇది నీకు అర్థం అవుతుందనే నీ దగ్గరికి వచ్చాను, ఇంకెవరి దగ్గరికీ పోలేదు.

అత్తను అడిగినట్టు చెప్పు.

శైలేందర్


ఎల్.బి.నగర్
19 నవంబర్, మంగళవారం
మబ్బు, వాన లేదు. గోధుమలు మర పట్టించాను.

శైలేందర్‌కు,

రెండు కార్డులు అందాయి. ముద్రలు చక్కగా పడ్డాయి.

నీ నోటు పుస్తకం మొత్తం చూశాను. కూడికలు తప్పు లేవు. రాసిన పద్ధతిలోనే తప్పుంది. పది రూపాయల టికెట్టుకు, పందెం సొమ్ము పంచే టోటు ముప్పై నాలుగు ఇచ్చిందనుకో, నువ్వు ముప్పై నాలుగూ లాభం అని రాశావు. అందులో పది నువ్వు పెట్టిందే. గెలిచిన ప్రతిసారీ నీ సొమ్మే నీకు తిరిగి వస్తే దాన్ని సంపాదన అన్నావు. లోపలికి వెళ్లే టికెట్టు, రేసు పుస్తకం, తిండి ఎక్కడా రాయలేదు. అవన్నీ వేసి చూస్తే నీ అరవై రెండు వేల లాభం పదిహేడు వేల నష్టం అయింది. నువ్వు దొంగలెక్క రాయలేదు. అట్లా అయితే నేను మరుసటి పేజీ చూసేవాణ్ణే కాదు. నువ్వు నమ్మి రాశావు.

నా లెక్క అడిగావు. దాచేది లేదు. ఇరవై రెండేళ్లలో ఒక ఏడాది లాభం వచ్చింది. మిగతా ఏళ్లన్నీ పోయింది. ఇంటి పద్దులో పాల ఖర్చు కింద గీత గీసి, దాని కింద ఆ నష్టం రాస్తాను. ఏడాదికి ఎంత పోతుందో తెలుసు కాబట్టి అంతకు మించి జేబులో పెట్టుకుని వెళ్లను. నా పుస్తకంలో 'ఎందుకు' అని ఒక గడి ఉంది. 'ఊరికే' అని రాసినప్పుడల్లా పోయింది. కారణం రాసినప్పుడూ పోయింది కానీ తక్కువ. నేను పట్టిన లెక్క అంతే.

ఇల్లు మార్కెట్ జీతంతోనూ, మీ అత్త కుట్టుమిషన్‌తోనూ కట్టాం. సైదులుకు ఆ మాట చెప్పి చూశాను. అతనికి తన కథే బాగుంది.

సీతారాములు


దిల్‌సుఖ్‌నగర్
7 డిసెంబర్, శనివారం

మామకు,

ఆలస్యమైంది. దుకాణంలో పని ఎక్కువగా ఉంది.

టోటు సంగతి నువ్వు చెప్పాక రెండు రోజులు నిద్ర పట్టలేదు. అది పాత పుస్తకం. ఇప్పుడు జాగ్రత్తగా ఆడుతున్నాను. కార్డులు తప్పకుండా ఇస్తున్నాను, చూస్తూనే ఉన్నావు.

కానీ నీ లెక్క నమ్మబుద్ధి కావడం లేదు. పోతుందని తెలిసి ఇరవై రెండేళ్లు ఎవరైనా పోతారా? లేకపోతే నువ్వు ధైర్యం చేయలేదేమో. రెండు వందలు పట్టుకుని పోయేవాడికి రెండు వందల లాభమే వస్తుంది. కోపం తెచ్చుకోకు, మనసులో ఉన్నది రాశాను.

రేసు స్టాండులో నా పక్కన బక్కయ్య అని ఒకాయన నిలబడతాడు. సరూర్‌నగర్ చెరువు దగ్గర టైర్ల దుకాణం. నా కార్డుల సంగతి తెలిసి ప్రతి వారం వెక్కిరిస్తాడు. "శైలన్నా, గుర్రం మొఖం జూసి పెట్టాలె, పోస్టు ముద్ర జూసి గాదు" అంటాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గింది. జ్యోతిక బట్టల షోరూంలోనే చేస్తోంది. బండి సర్వీసుకు ఇచ్చాను, మెట్రోలోనే తిరుగుతున్నాను. ప్లాటు చూసిపోయినాయన మళ్లీ ఫోన్ చేశాడు. జనవరి నెలాఖరుకల్లా తేల్చమంటున్నాడు.

శైలేందర్


ఎల్.బి.నగర్
17 డిసెంబర్, మంగళవారం
చలి. దుప్పట్లు డాబా మీద ఎండేశాను.

శైలేందర్‌కు,

పోతుందని తెలిసి ఎందుకు వెళతానని అడిగావు. రేసుకు ముందు గుర్రాలను గుండ్రంగా తిప్పే చోట కంచె పక్కన నిలబడతాను. ఒకటి తల ఆడిస్తూ నడుస్తుంది, ఒకటి పక్కకు లాగుతుంది, ఒకదాని మెడ మీద అప్పటికే నురగ ఉంటుంది. ఏది ఎట్లా పరుగెడుతుందో ఆ నడక చూసి రాసుకుంటాను. తర్వాత అది పరుగెడుతుంది. నేను రాసింది చాలాసార్లు తప్పవుతుంది. ఎందుకు తప్పయిందో ఆ వారమంతా ఆలోచిస్తాను. పండ్ల మార్కెట్ కొత్తపేట నుంచి తరలిపోయి చిట్టా పని పోయాక నాకు ఆలోచించడానికి మిగిలిన పని అదే. దానికి డబ్బు కడుతున్నాను. ధైర్యం సంగతి నువ్వు అన్నది నిజం కావచ్చు.

ఇక కార్డులు. వచ్చినవన్నీ ఫలితాల పక్కన పెట్టి చూశాను. కార్డుల్లో రాసిన ప్రకారమే పెట్టి ఉంటే నీకు పోయింది నాలుగు వేల చిల్లర. ఇది చెడ్డ లెక్క కాదు. నా మొదటి ఏడాది కంటే నయం. నీ కారణాలు కూడా బాగున్నాయి. తడి నేల మీద ఏది ఆడుతుందో నాకంటే నువ్వు బాగా చూశావు.

అయితే మీ అత్త మొన్న కొత్తపేటలో నీ బండిని ఫైనాన్స్ దుకాణం ముందు చూసింది. సర్వీసు అక్కడ చేయరు. నాలుగు వేల నష్టానికి బండి తాకట్టు పెట్టాల్సిన పని లేదు.

అంటే నువ్వు కార్డులో రాయనివి కూడా ఆడుతున్నావు. శనివారం ఇంట్లో కూర్చుని రాసేవాడు ఒకడు, ఆదివారం మూడో రేసు పోయాక స్టాండులో నిలబడేవాడు ఒకడు. మొదటివాడు నాకు ఉత్తరాలు రాస్తున్నాడు. రెండోవాడి సంగతి ఎవరూ రాయడం లేదు. అవి కూడా రాయి. నాకు పంపకపోయినా సరే.

అక్కకు బండి సంగతి చెప్పలేదు.

సీతారాములు


దిల్‌సుఖ్‌నగర్
6 జనవరి 2025, సోమవారం

మామా!

ఈ ఉత్తరం పోస్టులో వద్దు, పరుగెత్తుకొచ్చి చెబుదామనుకున్నాను. నీకు కాగితమే కావాలి కదా, ఇదిగో.

నిన్న జాక్‌పాట్ కొట్టినా! వరుసగా ఐదు రేసులు, ఐదు గుర్రాలు. కోతలన్నీ పోను చేతికి లక్షా ఇరవై వేలు. బక్కయ్య నన్ను ఎత్తుకుని తిప్పిండు. "ఏందన్నా, గిది గూడ పోస్టుల ఏసినవా?" అన్నడు. ఏయలేదు! కార్డుల ఒక్క గుర్రం గూడ లేదు. అక్కడ నిలబడ్డంక, గా నిమిషంల తట్టింది.

బండి విడిపించిన. అమ్మకు చీర, జ్యోతికకు ఫోన్. అమ్మ చీర ముట్టుకుని, "మీ మామకు జెప్పినవారా?" అని అడిగింది. అందరికంటే ముందు నీకే చెప్పాలట. ఇంట్ల గూడ నువ్వే జడ్జివి.

ఇప్పుడు చెప్పు మామా. రాసినవి పోయినయి, రాయనిది వచ్చింది. నీ లెక్క ఏమంటది? ఇన్ని రోజులు పోస్టాఫీసు లైన్ల నిలబెట్టినవు. నీ పద్ధతి ఇన్నందుకు నాలుగు వేలు పోయినయి. నా పద్ధతికి లక్షా ఇరవై. నోట్లు చేతుల పట్టుకుని లెక్కపెట్టిన. గివి గూడ నిజం గాదంటవా?

నెలాఖరుకల్లా సంతకం పెట్టు. కొనేటాయన ఇంకొక ప్లాటు చూసుకుంటనంటున్నడు. అమ్మ నాకు అడ్డం చెప్పదు. నువ్వొక్కనివే అడ్డం.

శైలేందర్


ఎల్.బి.నగర్
11 జనవరి, శనివారం
ఎండ. మీ అత్త కుట్టుమిషన్‌కు బెల్టు వేశాను.

శైలేందర్‌కు,

డబ్బు నిజం. సంతోషం. బండి విడిపించినందుకు ఇంకా సంతోషం.

నువ్వు గెలిచావు. ఎట్లా గెలిచావో నీకూ తెలియదు, నాకూ తెలియదు. తెలియనిది మళ్లీ చేయడం ఎట్లా? నా అనుమానం అంతే.

నా మాట ఇది. నవంబర్ నుంచి కార్డులో లేనివన్నీ ఒక కాగితం మీద రాయి. జాక్‌పాట్ కూడా రాయి, పూర్తిగా. గుర్తుకు తెచ్చుకుని కాదు, నీ ఫోన్లో బ్యాంకు వాళ్లు రాసి పెట్టిన దాన్ని చూసి రాయి. ప్రతి దాని పక్కన ఎందుకు అని గడి పెట్టు. నువ్వు అది పూర్తి చేశానని రాసిన రోజు నేను సంతకం పెడతాను. లాభం ఎంత, నష్టం ఎంత అని అడగను. ఆ కాగితం నాకు చూపించనక్కర లేదు.

సీతారాములు


దిల్‌సుఖ్‌నగర్
23 జనవరి, గురువారం

మామకు,

రాశాను. మూడు సాయంత్రాలు పట్టింది.

ఒక్కణ్ణి కూర్చుంటే చెయ్యి కదల్లేదు. చివరకు జ్యోతికను పిలిచాను. ఫోను తన చేతికి ఇచ్చి చదవమన్నాను, నేను రాస్తూ పోయాను.

"ఆదివారం, మలక్‌పేట ఏటీఎం, ఐదు వేలు" అంది.

"రాసిన."

"అదే ఆదివారం, అదే ఏటీఎం, ఇంకొక ఐదు వేలు."

"రాసిన."

"గీ రోజు నువ్వు దుకాణంల సామాన్లు తెచ్చుకోవాలన్నవు."

నేను కాగితం మీద తర్వాతి గడి గీశాను. "సరే, రాయి. సోమవారం..." అని మళ్లీ మొదలుపెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది మామా. కోపం లేకుండా, మార్కెట్లో వేలం పాట పాడినట్టు చదువుతూ పోయింది.

'ఎందుకు' గడిలో మొదట్లో ఏదో ఒకటి రాశాను. తర్వాత తర్వాత అన్నింటికీ ఒకటే వచ్చింది. 'అంతకుముందు పోయింది కాబట్టి'. జాక్‌పాట్ దగ్గర చాలాసేపు కూర్చున్నాను. 'బక్కయ్య మూడు చెప్పాడు, రెండు నాకు తోచాయి' అని రాశాను. నాకు గుర్తున్నది అట్లా కాదు. ఐదూ నేనే చెప్పినట్టు గుర్తుంది. కానీ ఆ రోజు టికెట్టు కొనే ముందు, లైన్లో నుంచి బక్కయ్యకు పంపిన మెసేజ్ ఫోన్లో ఉంది. అందులో ఆయన చెప్పిన మూడింటికి నేను 'సరే' అని పెట్టాను.

జాక్‌పాట్ కలిపినా ఇంకా ముప్పై ఎనిమిది వేలు పోయినట్టే. నువ్వు అడగనన్నావు, నేనే చెబుతున్నాను. దుకాణం సరుకు డబ్బు అందులోనే ఉంది.

ఇప్పుడు నువ్వు సంతకం పెడతావు. నాకు భయంగా ఉంది. కొనేటాయన రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఫిబ్రవరి రెండున పెద్ద రేసు. ఇంత పోయాక ఆపితే పోయింది పోయినట్టే కదా అని పడుకున్నప్పుడు అనిపిస్తుంది. లేచాక అదే మాట పిచ్చిగా ఉంటుంది. మళ్లీ మధ్యాహ్నానికి నిజమే అనిపిస్తుంది.

నువ్వు పెట్టనని రాయి మామా. మాట తప్పానని నేను అనను. నువ్వు కాదంటే నాకు తేలిక.

శైలేందర్


ఎల్.బి.నగర్
2 ఫిబ్రవరి, ఆదివారం
ఎండ ముదిరింది. పాత ఫ్యాను దించి రెక్కలు తుడిచాను.

శైలేందర్‌కు,

నీ ఉత్తరం సోమవారం అందింది. వారం ఆలోచించాను. ఈ రోజు మలక్‌పేట వెళ్లలేదు. జవాబు రాయకుండా వెళితే నడక మీద చూపు నిలవదు.

కొనేటాయన గడువు దాటినా, మాట ప్రకారం సంతకం పెట్టాను. అమ్మకం కాగితం ఈ కవరులోనే ఉంచుతున్నాను.

నేను కాదంటే నీకు తేలిక అన్నావు. అవును, ఆ తేలిక కొన్నాళ్లు ఉంటుంది. నా 'కాదు' నీకు అరువు సొమ్ము లాంటిది. రేపు నేను లేకపోతే, లేదా నామీద కోపం వస్తే, అది ఖర్చైపోతుంది. అప్పుడు మళ్లీ మొదటికే వస్తావు, మామ వల్ల ఆగిపోయానన్న బాధ అదనంగా ఉంటుంది. నిన్ను ఆపగలిగితే నువ్వు రాసిన కాగితమే ఆపాలి. అది ఆపలేకపోతే నా వల్లా కాదు.

నేను ఇంత ధైర్యం ఎప్పుడూ చేయలేదు. రెండు వందలకు మించి పెట్టనివాణ్ణి. ఇప్పుడు అక్క వాటా మొత్తం నీ మీద పెడుతున్నాను. నా పుస్తకంలో ఎందుకు అన్న గడిలో రాస్తున్నాను: మెసేజ్‌లో 'సరే' అని ఉన్న సంగతి శైలేందర్ తనంతట తానే చెప్పాడు. అది దాచి ఉంటే నాకు తెలిసేది కాదు.

ఒక్కటే అడుగుతున్నాను. నువ్వు రాసిన లెక్క కాగితం అక్కకు చదివి వినిపించు. సగం ఆమెది. విన్నాక ఆమె సంతకం ఉంచుతుందా వెనక్కి తీసుకుంటుందా అన్నది ఆమె ఇష్టం. ఇన్నాళ్లూ మనిద్దరం ఆమె ప్లాటు గురించి ఆమెను అడగకుండా ఉత్తరాలు రాసుకున్నాం. అది నాకు ఈ వారమే తోచింది.

ఇప్పుడు ఒంటిగంటన్నర. మొదటి రేసు రెండింటికి. నువ్వు ఇప్పటికి మూసారాంబాగ్ దాటి ఉంటావు. లేదా ఇంట్లోనే ఉన్నావేమో. ఏదైనా ఈ ఉత్తరం రేపు పోస్టు చేస్తాను, మధ్యలో ఫోన్ చేయను. చేస్తే నీ నిర్ణయంలో నా చెయ్యి

కింద గేటు చప్పుడైంది. మీ అత్త ఎవరితోనో, "ముందుగాల కాళ్లు కడుక్కో వొదినా, అన్నం పెడత" అంటోంది. అక్క గొంతు. "వాడెక్కడ? మల్ల పలక మీద రాసుకుంట కూసున్నడా?" అంటోంది.

ఇంకొక గొంతు ఉంది. ఈ వేళకు మలక్‌పేటలో ఉండాల్సిన గొంతు.

"మామా! ట్యాంకు నిండి గోడ మీదికెల్లి కారుతున్నది! ఇంట్ల ఉండి ఏం జేస్తున్నవ్? మోటరు బంద్ జెయ్యి!"

మోటరు నేను పన్నెండున్నరకు వేసి మరిచి